రెండు దేశముల వేసవిలో సినిమా

వేసవియే సినిమాకు మంచి అదను అని అమెరికాలోను అందురు, మన వేలూరు ప్రాంతమునను అందురు. మాట ఒక్కటియే గాని దాని వెనుకనున్న చరిత్రలు వేరు. అచ్చట వేసవి యనగా జూన్ మొదలు సెప్టెంబరు తొలివారము వరకు. ఇచ్చట వేసవి ఉగాది పచ్చడి రుచి నాలుకపై నుండగనే మొదలై, కత్తిరి ముగియువరకు సాగును. అచ్చటి ప్రజలు చలువను వెదకికొనుచు తలుపులు మూసిన హాలులోనికి పోయిరి. ఇచ్చటి మనవారు గాలిని వెదకికొనుచు ఇల్లు విడిచి ఇసుకమీదికి వచ్చిరి. నేడు మన కుటుంబములలో ఒక కొమ్మ గుడియాత్తమున నుండగా, మరియొక కొమ్మ న్యూజెర్సీలోనో టెక్సాసులోనో చిగుర్చుచున్నది. కనుక ఈ రెండు వేసవులను ప్రక్కప్రక్కన నుంచి చూచుట ఊసుపోకకు చేయు పని కాదు. మన పిల్లల చెవికి తెలుగు ఎచ్చట, ఎట్లు సోకినది, ఎప్పుడు సోకుట మానినది అను ప్రశ్నకు ఈ పోలికలో కొంత జవాబు కలదని మా నమ్మకము.

వేలూరి ఎండను గూర్చి ఈ సంచిక చదువువారికి మేము చెప్పనక్కరలేదు. చుట్టును రాతికొండలు, నడుమ ఏడాదిలో చాలభాగము ఇసుకయే పారు పాలారు. మే నెలలో 40 డిగ్రీలు దాటిన దినములను ఎవరును లెక్కపెట్టరు, దాటని దినములను మాత్రము చెప్పుకొందురు. పగలు త్రాగిన వేడిని కొండరాళ్లు ప్రొద్దుగ్రుంకిన తరువాత నెమ్మదిగా విడుచును. అందువలన రాత్రి భోజనమైన పిమ్మట నాలుగు గోడల నడుమ ఉండగలవారు లేరు. గుడియాత్తమున పగలెల్ల మగ్గము గుంటలో కాళ్లు పెట్టుకొని లుంగీలు నేసినవారును, అగ్గిపెట్టెల కార్ఖానాలనుండి వచ్చినవారును, బడులు మూసినందున ఊరిమీద పడిన పిల్లలును, అందరును సాయంకాలమునకు బయటనే ఉందురు. మే నడుమ, వైకాశి మొదటి తేదీన, గౌండిన్యా నది యొడ్డున గంగమ్మ శిరస్సు ఉత్సవము జరుగును. దానికి చిత్తూరు, పలమనేరు ప్రాంతములనుండి చుట్టములు దిగుదురు. ఇంటినిండ చుట్టములు, ఒంటినిండ చెమట, చేతినిండ సెలవులు. ఈ మూడింటికిని ఆ కాలమున ఒక్కటే మందు ఉండెడిది. అది డేరా సినిమా.

డేరా సినిమా దక్షిణదేశమున ఎట్లు పుట్టినదో కొంచెము చెప్పుకొందము. తిరుచ్చిలో రైల్వే కొలువు చేయుచుండిన స్వామికన్ను విన్సెంటు 1905లో ఒక ఫ్రెంచివానివద్ద బొమ్మలు చూపు యంత్రమును, కొన్ని చిన్న ఫిలిములను కొని, డేరా వేసికొని ఊరూర తిరిగెను. మరి కొన్ని ఏండ్లకు మచిలీపట్టణమున పుట్టి మద్రాసులో ఫోటోల వ్యాపారము చేయుచుండిన రఘుపతి వెంకయ్య క్రోనోమెగాఫోను అను యంత్రమును తెప్పించి, దానితో మన దేశమునందే గాక సింహళమునకును బర్మాకును పోయి బొమ్మలు చూపెను. తెలుగువాడు సినిమాను సముద్రము దాటించుట నిన్న మొన్నటి సంగతి కాదని మనవి. మూకీలు పోయి టాకీలు వచ్చిన తరువాత డేరాలకు టూరింగ్ టాకీసులన్న పేరు స్థిరపడినది. వీనికి ప్రభుత్వమువారు స్థిరమైన హాళ్లకు ఇచ్చునట్లుగాక, స్వల్పకాలమునకు మాత్రమే లైసెన్సు ఇచ్చెడివారు. గడువు తీరగానే గుడారము ఎత్తి మరియొక ఊరికి పోవలయును.

ఆ డేరా రూపము చూచినవారికి మరపునకు రాదు. వెదురుగుంజలు, పైన గుడ్డ, ప్రక్కల తడికలు. ఎండకాలమున ప్రక్కనున్న తడికలను పైకెత్తి కట్టుదురు గనుక గాలి యథేచ్ఛగా వచ్చును. నేల టిక్కెట్టువారికి ఇసుక, ఆ వెనుక బెంచీలు, అన్నిటికి వెనుక కుర్చీలు. ఆడవారికిని మగవారికిని నడుమ మోకాలెత్తు గోడయో, గుడ్డయో అడ్డము. నేలపై కూర్చున్నవారిలో తెలివిగలవారు ఇసుకను కుప్పగా పోసి దానిపై ఎక్కి కూర్చుందురు. వెనుకనున్నవారు తిట్టుదురు. వారును ఇసుక పోసికొందురు. ఇట్లు ఆట మొదలగునప్పటికి డేరాలో చిన్న కొండలు లేచి యుండును. సాయంకాలమున రెండెడ్ల బండికి ఇరువైపుల బొమ్మల పలకలు కట్టి, తప్పెట కొట్టుచు, రంగుకాగితములు విసరుచు వీధివీధి త్రిప్పుట ప్రచారము. డేరాపైన కట్టిన లౌడుస్పీకరు పాట వినబడగనే ఇండ్లలో అన్నము త్వరత్వరగ వడ్డింపబడును. ఆంధ్రదేశపు డేరాలలో ఘంటసాల పాడిన వేంకటేశ్వరుని పాటయు, తమిళదేశపు డేరాలలో శీర్గాళి గోవిందరాజన్ పాడిన వినాయకుని పాటయు ఆట మొదలగుటకు గుర్తులు. మన ప్రాంతమువారు ఈ రెండింటిని ఎరిగినవారు. మన స్థితి మొత్తము ఆ రెండు పాటలలో నున్నది.

డేరాకు యంత్రము ఒక్కటియే. కనుక ఒక చుట్ట ముగిసిన తరువాత మరియొక చుట్ట ఎక్కించువరకు దీపములు వేయవలయును. ఒక్క సినిమాకు మూడు నాలుగు విరామములు వచ్చుట ఇందువలననే. పట్టణపు హాళ్లవారు దీనిని లోపమనిరి. మాకు మాత్రము అది సినిమాలో సగము పని అని తోచును. ఆ విరామములలోనే మురుకులును, వేయించిన సెనగలును, సోడాయు వచ్చును. ఆ విరామములలోనే చూచిన కథను చూడనివారికి చెప్పుట, అర్థము కాని మాటకు అర్థమడుగుట జరుగును. ఈ మాట మరల తలచుకొనవలసి వచ్చును గనుక పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక.

ఇక అమెరికా సంగతి. నేడు ఆ దేశమున వేసవియే సినిమా వ్యాపారమునకు పంటకాలము. అయినను నూరేండ్లక్రింద వేసవియే వారికి కరవుకాలమని చెప్పినచో మన పిల్లలు నమ్మరు. అచ్చటి హాళ్లు చలికి తగినట్లు కట్టిన మూతపెట్టెలు. వేసవిలో వందలకొలది జనము లోపల చేరినచో ఉడికిపోవుదురు. కావున అనేక హాళ్లు వేసవి నెలలలో తలుపులు మూసికొనెడివి. మన డేరాకు వేసవి ఊపిరి యైనచో వారి హాలునకు అదే ఊపిరి తీసినది. 1925 మే నెలాఖరున, మెమోరియల్ డే సెలవు దినములలో, న్యూయార్కు నగరపు రివోలీ థియేటరులో విల్లిస్ కారియరు తన శీతలయంత్రమును నెలకొల్పెను. పారమౌంటు అధిపతి అడాల్ఫ్ జూకరు స్వయముగ వచ్చి మేడపై కూర్చుండెను. జనము అలవాటు చొప్పున చేతులలో విసనకర్రలతోనే వచ్చిరి. యంత్రము ఆలస్యముగ మొదలైనందున హాలంతయు విసనకర్రలు ఆడుచునే యుండెను. చల్లగాలి క్రమముగ క్రిందికి దిగిన కొలది ఒక్కొక్క విసనకర్రయు ఒడిలోనికి చేరెను. ఆ తరువాత అయిదేండ్లలో ఒక్క కారియరు సంస్థయే సుమారు 300 హాళ్లకు చలువ ఏర్పాటు చేసినది. ఇంటిలో అట్టి చలువ కలవారు అప్పటికి అరుదు. అందుచేత బొమ్మ ఏదైనను సరే, చలువకొరకే జనము టిక్కెట్టు కొనిరి.

అయినను అమెరికావారికిని ఆరుబయట సినిమా లేకపోలేదు. 1933 జూన్ 6న న్యూజెర్సీ రాష్ట్రమున కామ్డెను పట్టణపు దాపున రిచర్డు హోలింగ్స్‌హెడ్ అనువాడు కారులో కూర్చుండియే చూడదగిన సినిమాను తెరచెను. 400 కార్లకు చోటు. కారునకు 25 సెంట్లు, మనిషికి 25 సెంట్లు, ఎందరు వచ్చినను మొత్తము డాలరు మించదు. పిల్లలు ఏడ్చినను పరులకు బాధ లేదు, చెమట పట్టినను అద్దము దించిన గాలి వచ్చును. ఆయన పొందిన పేటెంటు 1949లో న్యాయస్థానమున నిలువలేదు. అది కూలిన పిమ్మట ఇట్టి డ్రైవిన్‌లు పుట్టగొడుగులవలె లేచి, 1958 నాటికి 4,000 దాటినవి. అనగా మన జిల్లాలో డేరాలు నిండి యుండిన ఏండ్లలోనే ఆ దేశమునను జనము నక్షత్రముల క్రింద సినిమా చూచుచుండిరి.

రెండింటికిని శత్రువు సూర్యుడే. ప్రొద్దు గ్రుంకనిదే తెరపై బొమ్మ కనబడదు. ఇచ్చట భూగోళశాస్త్రము మన పక్షమున నిలిచినది. వేలూరు భూమధ్యరేఖకు 13 డిగ్రీల లోపున నున్నది గనుక నడివేసవిలో సైతము ఆరున్నర గంటలకు ప్రొద్దుగ్రుంకును, ఏడుగంటలకు ఆట మొదలు పెట్టవచ్చును. న్యూజెర్సీలో జూన్ నెలలో ఎనిమిదిన్నర వరకు వెలుగు ఉండును. అందులోను 1966లో ఏకరూప కాలచట్టము వచ్చి, వేసవిలో గడియారమును ఒక గంట ముందుకు జరుపుట దేశములో చాలభాగమునకు నియమమైనది. చీకటి పడునప్పటికి తొమ్మిది. మరునాడు పనికి పోవలసినవాడు రెండవ ఆటకు ఆగడు. దీనికి తోడు ఊళ్లు పెరిగి భూముల ధరలు లేచినవి. డ్రైవిన్‌లు కొన్ని వందలకు తగ్గినవి. మన డేరాలను గడియారము చంపలేదు. స్థిరమైన హాళ్లును, దూరదర్శనును, ఇండ్ల స్థలముల ధరలును చంపినవి. చావు ఇంచుమించు ఒక్కటియే.

కాని ఈ సామ్యములో ఒక పెద్ద భేదము కలదు. కారు అనునది ఇంటిని వెంటబెట్టుకొని పోవుట. పక్క కారులో నెవరున్నారో తెలియదు, తెలియనక్కరయు లేదు. ఇసుకమీద నట్లు కాదు. గుడియాత్తపు డేరాలో తెలుగింటి అవ్వ ప్రక్కన తమిళింటి పాటి కూర్చుండును, వారి ప్రక్కన ఉర్దూ మాటలాడు కుటుంబము కూర్చుండును. ఒకరి మురుకు మరియొకరి పిల్లవాడు తినును. తెరపై వచ్చు భాష ఎవరిదైనను చూచు జనము మాత్రము ఒక్కటియే.

తెరపై వచ్చు ఆ భాష ఏది అను ప్రశ్నకు వచ్చుటకే మేము ఇంతదూరము నడచితిమి.

1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడువరకు మన ఉత్తర ఆర్కాడు జిల్లాకు ముఖ్యపట్టణము చిత్తూరే. తరువాత ఆ పీఠము వేలూరికి వచ్చినది. అప్పటికిని అంతయు మద్రాసు రాజధానియే. చిత్తూరునకు పోవుట పొరుగింటికి పోవుటవంటిది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము వేరుపడగా చిత్తూరు గీతకు ఆవలి వైపునకు పోయినది, మనము ఈవలి వైపున మిగిలితిమి. ఆ తరువాతను బస్సు ఎక్కి చిత్తూరునకు పోయి తెలుగు సినిమా చూచి అర్ధరాత్రికి తిరిగివచ్చిన కుటుంబములు గుడియాత్తమునను కాట్పాడిలోను కొల్లలు. నిన్నటివరకు చుట్టపుచూపుగా నున్న ప్రయాణము సరిహద్దు దాటుటయైనది. దానికి పాస్‌పోర్టు లేదు, అంతియే.

అదే సమయమున మద్రాసులో వేరొక ముచ్చట జరుగుచుండెను. తెలుగు సినిమా పరిశ్రమ మద్రాసులోనే ఉండుటచే, ఒక్క కథను ఒక్క రంగస్థలములో రెండు భాషలలో తీయుట పరిపాటియైనది. వడపళనిలోని విజయా వాహినీ స్టూడియోలు ఈ పనికి పుట్టినిల్లు. 'చందమామ'ను 1947లో తెలుగునను, 'అంబులిమామ' అను పేర తమిళమునను వెలువరించిన నాగిరెడ్డి చక్రపాణులే సినిమాలోను ఆ పద్ధతినే నడిపిరి. మన ఇండ్లలో ఆ పత్రికలు రెండును వచ్చెడివి, అది వేరొక వ్యాసమునకు తగిన విషయము. పాతాళభైరవి తెలుగులో 1951 మార్చి 15న, తమిళమున మే 17న వెడలినది. మాయాబజారు తెలుగులో 1957 మార్చి 27న, తమిళమున ఏప్రిల్ 12న. లవకుశ తెలుగులో 1963 మార్చి 29న, తమిళమున ఏప్రిల్ 19న. తేదీలను పాఠకులు గమనింపవలయును. తెలుగు బొమ్మ ఉగాది దాపున రాగా తమిళ బొమ్మ తమిళ సంవత్సరాది దాపుననో, కత్తిరిలోనో వచ్చినది. మూడును వేసవి పంటలే. డేరాలకు అవి కొన్ని నెలలు, ఒక్కొక్కప్పుడు ఏడాది ఆలస్యముగ చేరుట నిజమే గాని, కోర్కె మాత్రము వేసవిలోనే పుట్టినది.

ఇట్లు వచ్చిన రెండు బొమ్మలను రెండింటిని చూచుట మనవంటి సరిహద్దు తెలుగువారికి దక్కిన భాగ్యము. గుంటూరివాడు తెలుగే చూచెను, తంజావూరివాడు తమిళమే చూచెను. మనవారు గుడియాత్తమున తమిళ మాయాబజారు చూచి, చిత్తూరున తెలుగు మాయాబజారు చూచి, ఇంటికి వచ్చి రెంటికిని తగవు పెట్టిరి. అభిమన్యుడుగా నాగేశ్వరరావు మేలా, జెమినీ గణేశన్ మేలా? లక్ష్మణకుమారుడుగా రేలంగి మేలా, తంగవేలు మేలా? పెండ్లి భోజనము పాటలో మాధవపెద్ది సత్యము గొంతు బరువా, తిరుచ్చి లోగనాథన్ గొంతు బరువా? ఘటోత్కచుడు మాత్రము రెండింటను రంగారావే, శశిరేఖ రెండింటను సావిత్రియే. ఈ తగవులు వట్టి కాలక్షేపమని పెద్దలు కొందరు విసుగుకొనిరి. మా యభిప్రాయము వేరు. భాషలు రెండింటిని తూకము వేయుట ఇంతకంటె చక్కగ ఏ బడిలోను నేర్పలేదు.

ఒక్క యుదాహరణము. మాయాబజారు తెలుగు మాటలు పింగళి నాగేంద్రరావుగారివి. అందులో 'అసమదీయులు' అను మాటకు ఎదురుగ 'తసమదీయులు' అను మాటను ఆయన పుట్టించెను. మొదటిది సంస్కృతపు 'అస్మదీయులు' రాక్షసుల నోట నలిగిన రూపము, రెండవది ఏ నిఘంటువులోను లేనిది. మనవారు, వారివారు అను అర్థము వినగనే తెలియుటయే అందలి చమత్కారము. తమిళ బొమ్మకు తంజై రామయ్యదాసు తమిళమునకు తగిన చమత్కారములు వ్రాసెను, అవియు బాగుగ పండినవి. కాని ఈ 'తసమదీయులు' మాత్రము గీత దాటి రాలేదు. బడిలో తమిళ అక్షరములే దిద్దిన మన పిల్లవాడు చిత్తూరు హాలులో ఆ మాట విని నవ్వినప్పుడు, తెలుగు అవ్వ వంటింటిలో మాటలాడు నాలుగు మాటలే గాదు, ఆడుకొనదగిన భాష అని మొదటిసారి తెలిసికొనెను. సినిమా చూచివచ్చిన నెలరోజులు వీధిలోని పిల్లలు అసమదీయులుగను తసమదీయులుగను విడిపోయి ఆడిరి. అందులో తమిళ పిల్లలును ఉండిరి, వారికి అర్థము చెప్పినది మనవారే.

ఈ యేర్పాటు ఎంతకాలము సాగినది? పరిశ్రమ మద్రాసులో నున్నంతకాలము. అక్కినేని నాగేశ్వరరావుగారు అన్నపూర్ణా స్టూడియోను నెలకొల్పిన డెబ్బదుల నాటినుండి పరిశ్రమ కొంచెము కొంచెముగ హైదరాబాదునకు తరలినది. ఒక్క రంగస్థలమున రెండు భాషలు పలుకు పద్ధతి సన్నగిల్లి, ఒక భాషలో తీసి మరియొక భాషలో గొంతులు అతికించు పద్ధతి పెరిగినది. వేలూరి హాలులో తెలుగు నటుడు కనబడును గాని అతని పెదవులు ఒకటి పలుకును, మన చెవికి మరియొకటి వినబడును. పెదవులను చదివి తెలుగును ఊహించుకొనవలసిన స్థితి మన పిల్లలకు పట్టినది. అదే కాలమున బడిలోను తెలుగు సన్నబడినది. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టము 2006-07లో ఒకటవ తరగతితో మొదలై, ఏడాదికొక తరగతి చొప్పున పదవ తరగతి వరకు తమిళమును తప్పనిసరి చేసినది. తమిళము నేర్చుటకు మనవారికి ఎన్నడును అయిష్టము లేదు. తరతరములుగ నేర్చినవారమే. ఆ చోటిచ్చుటలో తెలుగు అక్షరము బల్ల క్రిందికి జారుటయే మన బాధ. బడి చేయి విడిచిన కాలముననే సినిమాయు చేయి విడుచుట కాకతాళీయము కావచ్చును, దెబ్బ మాత్రము రెండింతలైనది.

ఇప్పుడు మరల సముద్రము దాటుదము. 1965 నాటి వలసచట్టము తరువాత అమెరికా చేరిన మొదటితరము తెలుగువారికి సినిమా సులభముగ దొరకలేదు. విశ్వవిద్యాలయపు హాలునో, ఊరి కూటమి శాలనో ఒక్కపూటకు అద్దెకు తీసికొని, పెట్టెలో వచ్చిన ఫిలిమును ఆదివారమునాడు వేసికొని, తెచ్చుకొన్న పులిహోర తినుచు చూచెడివారు. వారి ముచ్చటలు విన్నప్పుడు మాకు మన డేరాయే కనబడినది. స్వల్పకాలపు హాలు, మధ్య మధ్య విరామము, తినుబండారములు, పిల్లల ఏడ్పులు. తరువాత వీడియో క్యాసెట్లు వచ్చినవి, ఆ పిమ్మట వాణిజ్యపు హాళ్లే తెలుగు సినిమాలను నేరుగ వేయసాగినవి. 2017 ఏప్రిల్ 28న విడుదలయైన బాహుబలి రెండవ భాగము అమెరికాలో అన్ని భాషలలో కలిపి సుమారు రెండుకోట్ల డాలర్లు రాబట్టినది. ఆ సినిమాయు మాయాబజారు పద్ధతిననే తెలుగునను తమిళమునను తీయబడినది. దానిని డల్లాసులోని తెలుగు పిల్లవాడు తెలుగులో చూచెను, క్రింద ఇంగ్లీషు అక్షరములు పరుగెత్తుచుండగ. గుడియాత్తములోని తెలుగు పిల్లవాడు తమిళములో చూచెను. తొమ్మిదివేల మైళ్లకు పైబడిన దూరమున నున్నవానికి దక్కినది, చిత్తూరునకు గంట బస్సు దూరమున నున్నవానికి దక్కలేదు.

వేసవుల లెక్కయు ఇందులో చిక్కు తెచ్చినది. తెలుగు నిర్మాతల వేసవి ఏప్రిల్, మే నెలలు. అప్పుడు అమెరికాలో బడులు తెరచియే యుండును. కావున అచ్చటి పిల్లలు మన వేసవి సినిమాను శుక్రవారపు రాత్రియో, అంతకుముందునాటి ముందస్తు ఆటకో, మరునాటి పాఠములు పుస్తకముల సంచిలో నుండగ చూతురు. వారి వేసవి వచ్చునప్పటికి హాళ్లు హాలీవుడ్ బొమ్మలతో నిండును. 1975 జూన్ 20న 'జాస్' అను సొరచేప కథ ఒక్కసారిగ 400 పైచిలుకు హాళ్లలో వెడలి వేసవి లాభముల రుచి చూపినప్పటినుండి, రెండేండ్లకు 'స్టార్ వార్స్' ఆ రుచిని ఖాయము చేసినప్పటినుండి, ఆ నెలలు పెద్ద బొమ్మలకు కేటాయింపబడినవి. 2024 జూన్ 27న 'కల్కి' వచ్చినట్లు ఎప్పుడో ఒక తెలుగు సినిమా మాత్రమే వారి సెలవులలో పడును.

అమెరికా పిల్లవానికి భాష దక్కినది గదా, ఇక కొరత యేమని అడుగవచ్చును. కొరత విరామములో నున్నది. అచ్చటి హాళ్లలో విరామము లేదు. తెరపై 'విశ్రాంతి' అను అక్షరములు కనబడి, రెప్పపాటులో కథ సాగిపోవును. సెలవులకు వచ్చిన మనుమడు ఒకడు గుడియాత్తపు హాలులో దీపములు వెలుగగనే, "అయిపోయిందా అవ్వా?" అని లేచెను. "సగమే అయింది నాయనా, కూర్చో. ఇప్పుడే కదా మాట్లాడుకునేది" అని ఆమె అతనిని కూర్చుండబెట్టెను. అడుగుటకును చెప్పుటకును సమయము లేనిచోట అర్థము తెరక్రింది ఇంగ్లీషునుండి వచ్చును, ప్రక్కనున్న పెద్దలనుండి రాదు. రెండవ కొరత పొరుగువారు. డల్లాసు హాలులో ఆ పూట కూర్చున్నవారందరు తెలుగువారే. అది కన్నులపండువే, సందేహము లేదు. అయినను 'తసమదీయులు' అను మాటకు అర్థము అడుగు తమిళ పిల్లవాడు అచ్చట లేడు. తన భాషను ఇంకొకరికి విప్పి చెప్పవలసిన యవసరమే మన ప్రాంతపు తెలుగును ఇన్ని తరములు నిలిపినది. ఆ యవసరము లేనిచోట ఇది ఎన్ని తరములు నిలుచునో అచ్చటివారు ఆలోచించుకొనవలసియున్నది.

మన సంగతియు పూర్తిగ చీకటి కాదు. వేలూరి విశ్వవిద్యాలయములకు ఆంధ్ర, తెలంగాణములనుండి వేలకొలది విద్యార్థులు వచ్చి చేరుటచే ఈ ఊరి వీధులలో తెలుగు మరల బిగ్గరగ వినబడుచున్నది. వారికొరకు తెలుగు బొమ్మను తెలుగులోనే వేయు హాళ్లును ఏర్పడినవి. వింత యేమనగా, వేసవి సెలవులు రాగానే ఆ విద్యార్థులు పెట్టెలు సర్దుకొని తమ ఊళ్లకు పోవుదురు. హాలునకు తెలుగు బేరము తగ్గును. మన పిల్లలకు తీరికయున్న నెలలలోనే తెలుగు ఆటకు చూచువారు చాలరు.

2020 వేసవిలో మహమ్మారివలన రెండు దేశములలోను హాళ్లు మూతపడినవి. అమెరికావారు మిగిలిన డ్రైవిన్‌ల దుమ్ము దులిపి, కార్లలో ఎడముగ కూర్చుండి చూచిరి. మనకు దులుపుటకు డేరాలు లేవు. ఇక్కడి హాళ్లు నవంబరు వరకు తెరువలేదు. ఇంటింట ఫోనులోను టెలివిజనులోను సినిమా చూచుట అప్పుడు స్థిరపడినది. ఆ పెట్టెలో ఒక మీట నొక్కినచో తెలుగు, మరియొకటి నొక్కినచో తమిళము. చిత్తూరు బస్సు అక్కరలేదు, అర్ధరాత్రి తిరుగు ప్రయాణము అక్కరలేదు. గుడియాత్తపు ఇంటికి తెలుగు మాయాబజారు రావలసినంత దగ్గరకు వచ్చినది. మేము విచారించి చూచినంతలో, ఆ మీటను తెలుగువైపు త్రిప్పువారు ముదుసలులు. పిల్లలు దానిని తమిళమువైపునకో ఇంగ్లీషువైపునకో త్రిప్పుదురు. ముదుసలులు మారుమాట లేక చూతురు.

అమెరికానుండి మనుమలు జూన్ నెలాఖరునకో జూలైలోనో వత్తురు. అప్పటికి మన బడులు తెరచియుండును. రెండు వేసవులు ఒకదానినొకటి తాకకుండ పోవుటచే, అన్నదమ్ముల బిడ్డలు కలిసి సినిమా చూడదలచినచో ఆదివారము మాత్రమే మిగులును. అక్కడినుండి వచ్చినవానికి తెలుగు వినిన తెలియును, తమిళము తెలియదు. ఇక్కడ పెరిగినవానికి తమిళము నోటికి వచ్చును, అవ్వ మాటలాడునంత తెలుగు తెలియును. ఇద్దరికిని తెలిసినది ఇంటి తెలుగొక్కటే. గుడియాత్తపు ఇంటిలో ఆ ఆదివారము మధ్యాహ్నము మీట ఎటు తిరిగినది, ఎవరు త్రిప్పిరి అన్నది వచ్చే సంచికకు వ్రాసి పంపుడని మన సభ్యుల కుటుంబములను కోరుచున్నాము.